ర్యాంపు ఉంది కదండీ!

మా అక్క కొడుక్కి ఆటిజం. రెండేళ్ల కిందట వాడికి స్కూలు వెతకడానికి నేనూ వెంట తిరిగాను. ఒకచోట ప్రిన్సిపల్ మేడమ్ "మాది ఇన్‌క్లూజివ్ స్కూలండీ, అన్ని రకాల పిల్లల్నీ కలిపే చదివిస్తాం" అని చెప్పి, గేటు దాకా తీసుకెళ్లి మరీ ర్యాంపు చూపించారు. మావాడు దానిమీద మూడుసార్లు పైకీ కిందకీ పరిగెత్తాడు. కాళ్లు భేషుగ్గా ఉన్నాయి మరి. వాడి ఇబ్బందంతా చెవులతో, బెల్లు మోతతో అని అక్క చెప్పింది. "అందుకేగా ర్యాంపు" అన్నట్టు మేడమ్ నవ్వారు.

ఆటిజాన్ని కొలవడానికి మన దేశంలో ఒక కొలమానం ఉంది. 40 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు, మొత్తం 70కి చేరితే ఆటిజం ఉన్నట్టు. నిపుణులు ఓపిగ్గా కూర్చుని లెక్క వేస్తారు. స్కూళ్ల దగ్గర ఒకే ప్రశ్న: పిల్లవాడు ప్రిన్సిపల్‌కి గుడ్ మార్నింగ్ చెప్పాడా, లేదా? రెండు నిమిషాల్లో తేలిపోతుంది. "సీట్లు అయిపోయాయండీ."

చట్టాన్ని గౌరవించట్లేదని మాత్రం అనకూడదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది. ప్రైమరీలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మనవాళ్లు ఆ లెక్క తప్పరు. పదో పిల్లవాడు వచ్చేదాకా టీచర్ని పెట్టరు, టీచర్ లేదు కాబట్టి మొదటివాణ్ణి చేర్చుకోరు.

తొమ్మిదో స్కూల్లో సీటు దొరికింది. క్లాసులో వాడి పక్కనే కూర్చుని సాయం చేసే షాడో టీచర్‌ని మేమే తెచ్చుకోవాలి, జీతం మేమే ఇవ్వాలి, ఫీజులో తగ్గింపు లేదు. ఆ టీచర్ కూర్చునే కుర్చీకి అద్దె అడగలేదు, అదే పదివేలు.

ఏప్రిల్ 2న ఆటిజం అవగాహన దినం ఘనంగా చేశారు. హాలు నిండా నీలం బెలూన్లు, మైకు, డీజే. మొదటి బెలూన్ పేలగానే మావాడు బల్ల కింద దూరి రెండు చెవులూ మూసుకున్నాడు. పదకొండింటికి అక్కకి ఫోన్: "మీవాడు ప్రోగ్రామ్‌కి కోఆపరేట్ చేయట్లేదు, వచ్చి తీసుకెళ్లండి."

ఆ స్కూల్లో బెల్లు కొట్టేది ఆయమ్మ. ఎవరు చెప్పారో, తనకే తోచిందో గానీ, బెల్లు కొట్టేముందు క్లాసు గుమ్మం దగ్గరికొచ్చి మావాడికి చేతిలోని సుత్తి చూపిస్తుంది. వాడు తలూపి చెవులు మూసుకుంటాడు. అప్పుడెళ్లి కొడుతుంది. మోత ఆగాక వాడే చేతులు తీసి, లెక్కల పుస్తకం సర్దుకుంటాడు. షాడో టీచర్ కూడా ఇది చూసే నేర్చుకుంది.

ఆ ఏడాది స్కూలుకి ఇన్‌క్లూజన్ అవార్డు ఒకటి వచ్చింది. గ్రూప్ ఫోటోలో చైర్మన్, ప్రిన్సిపల్, డీజే అబ్బాయి కూడా ఉన్నారు. ఆయమ్మ లేదు. లంచ్ బెల్లు టైమయింది, ముందు మావాడికి చెప్పి రావాలిగా.