పాత హాప్స్‌ని అప్పుడే పారేయకండి
ఇంట్లో బీరు కాచేవాళ్లు ఏడాది దాటిన హాప్స్, మాల్ట్, ఈస్ట్ సరుకంతా పారేయాలని ఒక వ్యాసంలో రాశారు. అన్నిటికీ ఒకే రూలు సరిపోదండీ. హాప్స్ అంటే బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు. అవి పాతబడితే చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు తగ్గుతాయి, గాలి తగిలితే చీజ్ వాసన కొడతాయి. అలాంటివి హాప్స్ రుచే ముఖ్యమైన ఐపీఏ అనే బీరుకి అస్సలు వద్దు. కానీ బెల్జియంలో లాంబిక్ అనే పుల్లటి బీరు చేసేవాళ్లు కావాలనే ఏళ్ల తరబడి మాగబెట్టిన హాప్స్ వాడతారు. చేదు తగ్గినా, బ్యాక్టీరియాని అదుపులో పెట్టే గుణం మిగులుతుంది మరి!

మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) అయితే నాలుగు గింజలు నమిలి చూడండి, కరకరలాడితే దిగుల్లేదు. మరపట్టింది మాత్రం త్వరగా మెత్తబడుతుంది.

అసలు టెన్షన్ బీరుని పులియబెట్టే ఈస్ట్‌తోనే. పొడి ఈస్ట్ ఫ్రిజ్‌లో చాలాకాలం ఆగుతుంది, ద్రవ ఈస్ట్‌లో కణాలు నెలనెలా చచ్చిపోతుంటాయి. పాత ప్యాకెట్‌తో ముందు చిన్న స్టార్టర్ (కాస్త మాల్ట్ నీళ్లలో ఈస్ట్ వేసి పెంచడం) చేసి, నురగ వస్తేనే వాడండి.