పక్షులు పోయాయి, పురుగులనైనా దక్కించుకుందాం

2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు నేలపట్టు పక్షుల అభయారణ్యం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు వెళ్లిపోయింది. గూడబాతులు, వాటి కోసం వచ్చే బారెడు లెన్సుల వాళ్లూ అటే పోయారు. ఆస్తుల పంపకంలో నెల్లూరు వాటాకు పురుగులు మిగిలాయి. ఇంతవరకు దీనిపై ఒక్క వినతిపత్రమైనా వెళ్లకపోవడం శోచనీయం.

ఈ ఆస్తిని కనిపెట్టుకుని ఉన్నది పురుగుల ఫొటోగ్రాఫర్లు మాత్రమే. తెల్లవారగానే పొదలకూరు వైపు నిమ్మతోటల్లో దిగి, మంచుకు తడిసి రెక్కాడని తూనీగ ఎదుట మోకరిల్లుతారు. ఎండ తగిలితేగాని దానికి చురుకు రాదు. ఈలోగా పని కావాలి. పురుగు ఎంత ఉందో కెమెరా సెన్సార్ మీద బొమ్మ అంతే పడేటంత దగ్గరికి పోతే, లెన్సులో వెలుగొచ్చే కంతను ఎఫ్ 8 కొలతకు పెట్టినా తేటగా వచ్చేది ఇంచుమించు ఒక మిల్లీమీటరు మందమే. కన్ను కుదిరితే తోక మసక. పోనీ కంతను ఇంకా చిన్నగా ఎఫ్ 22కు మూద్దామంటే వెలుగు చాలదు, బొమ్మ పదునూ పోతుంది. అన్నీ కుదిరిన క్షణాన గాలి వీస్తుంది. గాలి ఏ శాఖ కిందికి వస్తుందో కలెక్టరేట్‌లో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

వీరిలో నిష్ఠాపరులు ఫ్లాష్ ముట్టరు. సహజ కాంతి తప్ప మరొకటి పనికిరాదు. ఎండ ముదిరితే దాన్ని మెత్తబరచడానికి తెల్ల గొడుగు, నీడలు తీయడానికి థర్మోకోల్ అట్ట, రెండూ పట్టుకోవడానికి బావమరిది. ఇన్నిటిని దాటి వచ్చినా కాంతి సహజమే. బావమరిది ముఖంలో సహజత్వం మాత్రం ఏడున్నరకల్లా పోతుంది.

అసలు అడ్డంకి రైతులు. నిమ్మ సీతాకోకచిలుక పిల్లపురుగునే తీసుకోండి. చిన్నప్పుడు అచ్చం పక్షి రెట్టలా ఉండి శత్రువుల కళ్లు కప్పుతుంది. పెద్దదై పచ్చబడ్డాక ముట్టుకుంటే తల వెనక నుంచి చీలిన ఎర్రని కొమ్ము చాచి కంపు కొడుతుంది. ఇంతటి కళాకారుణ్ణి పట్టుకుని రైతు “లేత ఆకంతా నమిలేస్తోంది సామీ, మీ ఫొటో అయిపోతే చెప్పండి, మందు కొట్టుకోవాలి” అంటాడు. లేత ఆకు ఆ పురుగు ఆహారమని, రైతు ఆహారం కాదని ఇతనికి ఎవరు నచ్చజెప్పాలి? పైగా తోట తనదంటాడు.

కనుక ప్రభుత్వానికి మనవి. ఉదయం ఎనిమిదిలోపు మందు కొట్టడం నిషేధించాలి. చెట్టుకు ఒక కొమ్మ పురుగుకు రాసివ్వాలి. పురుగు తిన్న పంటకు నష్టపరిహారం అడిగే రైతులు ఎటూ ఉన్నారు. కొమ్మ ఊగి ఫొటో చెడినవారికి కూడా అదే జాబితాలో, వీలైతే రైతుకన్నా పైన, చోటివ్వాలి. పంచనామాకు వచ్చే అధికారి గొడుగు పట్టుకోగలిగినవాడైతే మరీ మంచిది. బావమరిది ఇక రానంటున్నాడు.