బాతుపిల్లను అడిగిన ప్రతివారికీ ఇవ్వను

నా దగ్గర పుట్టిన బాతుపిల్లల కోసం వచ్చేవారిని నేను చాలా ప్రశ్నలు అడుగుతాను. డబ్బు ఇచ్చి కొనుక్కుంటుంటే ఈ ఆరా ఏమిటని కొందరు నొచ్చుకుంటారు, కొందరు మాట మధ్యలోనే లేచి వెళ్ళిపోతారు. వారిని అవమానించాలన్నది నా ఉద్దేశం కాదు, అయినా ఆ ప్రశ్నలు మాత్రం మానను.

మొదట్లో నేనూ ఏమీ అడిగేదాన్ని కాదు. ఒక కుటుంబం ముచ్చటపడి ఒకే ఒక్క పిల్లను తీసుకువెళ్ళి, ఐదు వారాల తరువాత వెనక్కి తెచ్చింది. అప్పటికి దాని కాళ్ళు వంకర తిరిగాయి, రెండడుగులు వేస్తే కూలబడుతోంది. వారు దానిని ఒళ్ళో పెట్టుకుని పెంచారు, రొట్టె ముక్కలూ కోడిపిల్లల దాణా వేళకు పెట్టారు. వారి ప్రేమలో ఏ లోటూ లేదు. అయితే బాతుపిల్లలకు కోడిపిల్లల కంటే నయాసిన్, అంటే బి3 విటమిన్, ఎక్కువ కావాలి, అది చాలకపోతే ఎదిగే వయసులో కాళ్ళు నిలవవు. ఆ మాట వారికి చెప్పవలసినదాన్ని నేను, చెప్పలేదు. ఆ పిల్ల మళ్ళీ సరిగా నడవలేదు.

అందుకే 'మీకు బాతులంటే ఇష్టమా' అని ఎవరినీ అడగను. ఇష్టం లేనివారు నా గుమ్మం దాకా రారు. నేను మొదట అడిగేది, రాత్రి అవి ఎక్కడ పడుకుంటాయని. 'పెరట్లోనే తిరుగుతాయి' అన్న జవాబు వింటే నాకు భయం వేస్తుంది, ఎందుకంటే బరువైన పెంపుడు జాతుల బాతులు ఎగిరి తప్పించుకోలేవు, పరుగెత్తి కుక్కను మించలేవు, పలుచని కోళ్ళ వలను ఆకలిగొన్న జంతువు ఒక్క రాత్రిలో చింపేయగలదు. గట్టి వల, పైకప్పు, చీకటి పడకముందే తలుపు వేసే మనిషి, ఈ మూడూ ఉన్నాయా అన్నదే నాకు కావాలి. 'ఇంకా ఏమీ ఆలోచించలేదు, ఎలా కట్టాలో చెప్పండి' అన్న ఒకరికి రెండు వారాలు ఆగి, గూడు పూర్తయ్యాక నాలుగు బాతులను ఆనందంగా ఇచ్చాను. తెలియకపోవడం తప్పు కాదు, తెలుసుకోనక్కరలేదనుకోవడమే నన్ను వెనక్కి లాగుతుంది.

నీటి గురించి అడిగితే చాలామంది తాగే గిన్నె చూపిస్తారు. బాతు తన తలను పూర్తిగా ముంచి కళ్ళూ ముక్కు రంధ్రాలూ కడుక్కోవాలి, కాబట్టి అంత లోతున్న పాత్ర ఉండాలి, ఆ నీరు రోజూ మురికి అవుతుంది, రోజూ మార్చాలి. మరోవైపు, తల్లి లేకుండా ఇంక్యుబేటర్‌లో పుట్టిన చిన్న పిల్లల నూగు నీటికి తడిసిపోతుంది. ఈత కొడుతుంటే చూడాలన్న సరదాతో తొట్టిలో వదిలేస్తే చలికి బిగుసుకుపోతాయి, మునిగిపోతాయి కూడా.

ఒక్క పిల్లనే కావాలన్నవారికి ఇవ్వను. బాతు గుంపులో బతికే ప్రాణి, ఎంత దగ్గరగా మెలిగినా మనిషి ఆ తోడు కాలేడు. రెండు తీసుకుంటామన్నా ప్రశ్న ఆగదు, ఎందుకంటే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో గొంతు మారేదాకా ఆడో మగో పోల్చుకోవడం అలవాటు లేనివారికి కష్టం. ఒక మగ బాతుకు మూడు నుంచి ఐదు ఆడ బాతులైనా ఉండాలి. మగవి ఎక్కువైతే ఆడవాటి మెడ మీది ఈకలు ఊడి గాయాలవుతాయి. కాబట్టి 'అన్నీ మగవే అయితే ఏం చేస్తారు' అని అడుగుతాను. నా ప్రశ్నలన్నిటిలోనూ మనిషిని బాగా తెలియజేసేది ఇదే.

దీనికి తరచుగా వచ్చే జవాబు, చెరువులో వదిలేస్తామని. అది మంచి పనేనని నమ్మి చెబుతారు, అదే నాకు ఎక్కువ బాధ. గిన్నెలో దాణా తిని పెరిగిన పక్షికి ఆహారం వెతుక్కోవడం రాదు, ప్రమాదం వస్తే ఎగరడం చేతకాదు. దానిని అక్కడ వదిలి రావడమంటే చావుకు వదలడమే. పిల్లల పుట్టినరోజు కానుకగా అడిగేవారికి ఇవ్వకపోవడానికీ కారణం ఇదే: బాగా చూసుకుంటే బాతు ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు బతుకుతుంది, ఆ పిల్లవాడి ముచ్చట అంతకాలం నిలుస్తుందని పెద్దలెవరూ నాకు మాట ఇవ్వలేదు.

ఇన్ని షరతులు పెడితే పిల్లలు నీ దగ్గరే మిగిలిపోతాయని తోటి పెంపకందారులు అంటారు. నిజమే, మిగిలాయి. దానికి నేను కనుక్కున్న మార్గం, గుడ్లు పొదగవేయకముందే తీసుకునేవారితో మాట్లాడుకోవడం. గుడ్డు నుంచి పిల్ల రావడానికి సాధారణ జాతులకు 28 రోజులు, మస్కోవీ అనే బాతు జాతికి 35 రోజులు పడుతుంది, గూడు కట్టుకోవడానికి ఆ వ్యవధి చాలు. ఎవరూ కుదరకపోతే ఆ విడత పొదిగించను. ఇచ్చిన తరువాత సాకలేకపోతే ఎప్పుడైనా, ఏ స్థితిలో ఉన్నా నా దగ్గరకే తీసుకురమ్మని చెబుతాను, తెచ్చినవారిని ఒక్క మాట కూడా అనను.

ప్రస్తుతం నా దగ్గర మూడు మగ బాతులు ఉన్నాయి, మూడూ కలిసి పెరిగినవే, వాటిలో ఒకదానికి కుడి కాలు కొద్దిగా కుంటు. నలుగురు వచ్చి చూశారు, నలుగురూ కుంటుదానిని విడిచి మిగిలిన రెండింటినీ అడిగారు. మూడింటినీ కలిపి తీసుకునేవారు వచ్చేదాకా అవి ఇక్కడే ఉంటాయి.