న్యూస్‌లో నాలుగు దిక్కులు లేవు

"న్యూస్ అనే మాట ఎలా పుట్టిందో తెలుసా? నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్. నాలుగు దిక్కుల నుంచీ వచ్చే సమాచారం కాబట్టి వాటి మొదటి అక్షరాలు కలిపి అలా పేరు పెట్టారు." ఏళ్ల తరబడి ఫోన్లలో తిరుగుతున్న ఫార్వర్డ్ ఇది. చిన్నప్పుడు నేనూ నోటుబుక్కు వెనక పేజీలో రాసుకుని, కనిపించినవాళ్లందరికీ చెప్పాను. వినడానికి ముచ్చటగా ఉంటుంది. నిజం మాత్రం కాదు.

ముందు ఆ మాట వయసు చూడండి. 14వ శతాబ్దం చివరికే అది ఇంగ్లిష్ రాతల్లో ఉంది. ఇంగ్లండ్‌లో అచ్చుయంత్రం 1476లో గానీ రాలేదు. అప్పట్లో స్పెల్లింగ్ కూడా ఒక్కటి కాదు. ఒకరు చివర 'ఈ-ఎస్' పెట్టారు, ఒకరు 'ఐ-ఎస్' పెట్టారు, మరొకరు 'వై-ఎస్' అన్నారు. దిక్కుల పేర్లలోంచి అక్షరాలు ఏరి కూర్చిన మాటే అయితే, మధ్యలో దూరిన ఆ 'ఐ', ఆ 'వై' ఏ దిక్కువి?

పైగా మొదటి అక్షరాలు కలిపి ఒక మాటలా పలికే అలవాటు ఇంగ్లిష్‌లో జోరందుకున్నది 20వ శతాబ్దంలోనే. రాడార్ అలాంటిదే, 1940లో అమెరికా నౌకాదళం పెట్టిన పేరు. లేజర్ ఆ తర్వాతది. ఇలాంటి మాటలను 'ఆక్రోనిమ్' అని పిలవడం మొదలైందే 1940ల్లో.

మరి అసలు పుట్టుక ఏమిటి? పెద్ద రహస్యమేమీ లేదు, మాటలోనే కనబడుతోంది: న్యూ. మనం మంచి, చెడ్డ అనే విశేషణాలకు 'లు' తగిలించి 'మంచిచెడ్డలు' అనడం లేదూ? అలాగే వాళ్లు న్యూకి 'ఎస్' తగిలించారు. కొత్తవి, కొత్త సంగతులు అని అర్థం. గుడ్ నుంచి గూడ్స్ వచ్చిందీ ఈ దారినే. మొదట్లో న్యూస్ అంటే ఏవైనా కొత్త విషయాలే. 15వ శతాబ్దంలో 'ఇప్పుడే తెలిసిన కబురు' అనే అర్థం స్థిరపడింది. "ఏంటి కొత్త సంగతులు?" అని మనం అడిగేదీ అదే కదా.

ఇంగ్లిష్‌వాళ్లకు ఈ పద్ధతి ఫ్రెంచ్ నుంచి వచ్చి ఉండొచ్చంటారు. ఫ్రెంచ్‌లో వార్తల్ని 'నువెల్' అంటారు, అంటే కొత్తవి. వాళ్ల దిక్కుల మొదటి అక్షరాలు ఇదే వరసలో కలిపితే ఎన్, ఈ, ఓ, ఎస్ వస్తాయి. అది వాళ్ల భాషలో మాటే కాదు. రష్యన్‌లో వార్తలు 'నోవొస్తి', అక్కడా కొత్తదనమే మూలం. ఇన్ని భాషలు 'కొత్త' నుంచి వార్తను పుట్టిస్తే, ఇంగ్లిష్ ఒక్కటే దిక్సూచి పట్టుకుని కూర్చుందా?

దిక్సూచి అంటే గుర్తొచ్చింది. ఇంగ్లిష్‌వాళ్లు దిక్కులు మామూలుగా నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్ అని చెబుతారు. గడియారం ముల్లు వెంట వెళ్లినా నార్త్, ఈస్ట్, సౌత్, వెస్ట్ అవుతుంది. మాటను ముందు పెట్టుకుని దిక్కుల్ని దానికి తగ్గట్టు సర్దితే తప్ప న్యూస్ రాదు.

"న్యూస్ పక్కన 'ఈజ్' వాడతాం, 'ఆర్' వాడం. బహువచనమైతే అలా ఎలా కుదురుతుంది?" అని ఇంకో వాదన. ఇప్పుడు వాడం, నిజమే. ఒకప్పుడు వాడేవారు. షేక్‌స్పియర్ నాటకాల్లో 'దిస్ న్యూస్' ఉంది, 'దీజ్ న్యూస్' కూడా ఉంది.

ఒక్క సంగతి ఒప్పుకోవాలి. ఈ కథ నిన్నమొన్నటిది కాదు. 1640లో లండన్‌లో అచ్చయిన ఒక చమత్కార పద్యాల సంకలనంలోనే న్యూస్‌ను నాలుగు దిక్కులకూ ముడిపెట్టారు. అయితే అది అక్షరాలతో ఆడుకున్న ఆట. అప్పటికే మాట పుట్టి రెండున్నర శతాబ్దాలు దాటింది. మనవడొచ్చి తాతకు పేరు పెట్టినట్టుంది వ్యవహారం!

ఫార్వర్డ్ అక్కడితో ఆగలేదు. పేపర్ అంటే 'పాస్ట్ అండ్ ప్రెజెంట్ ఈవెంట్స్ రిపోర్ట్' అట. పేపర్ అనే మాట పపైరస్ నుంచి వచ్చింది, అది ఈజిప్టులో రాతకు వాడిన తుంగ జాతి మొక్క. శాండ్‌పేపర్‌తో చెక్కను రుద్దితే ఏ సంఘటనల నివేదిక రాలుతుందో వీళ్లే చెప్పాలి.

"పోనీలెండి, స్పెల్లింగ్ గుర్తుంటుంది కదా, పిల్లలకు చెబితే ఏం పోయింది?" అనేవాళ్లూ ఉన్నారు. నాలుగు దిక్కులు గుర్తుపెట్టుకుని, వాటిని వాడుకలో లేని వరసలో పేర్చుకుని, ఒక్కోదాని మొదటి అక్షరం తీయడమంటే తల చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు చూపించడమే. 'న్యూ' రాయడం వచ్చిన పిల్లకు ఇంకొక్క 'ఎస్' చాలు.