ఐఆర్‌క్యూపోల్‌తో రోగం దాగుతుంది, తగ్గదు

విజయవాడ, గుంటూరులలో కంప్యూటర్లు బాగుచేసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది. లినక్స్ సర్వరులో నెట్ ఈడుస్తూ, లాగ్‌లో "ఐఆర్‌క్యూ 16: నోబడీ కేర్డ్" (16వ ఇంటరప్ట్ లైన్‌ను, అంటే పరికరాలు ప్రాసెసరును పిలిచే దారిని, ఎవరూ పట్టించుకోలేదు) అని కనిపిస్తే నెట్‌వర్క్ కార్డు పోయినట్టేనట. కార్డు మార్చే వీలు లేకపోతే బూట్ ఆప్షన్లలో ఐఆర్‌క్యూపోల్ చేర్చాలట. డ్రైవరు సోర్సు చేతిలో ఉంటే, హ్యాండ్లరు (ఆ పిలుపును అందుకునే డ్రైవరు భాగం) ప్రతిసారీ "హ్యాండిల్డ్", అంటే "చూసుకున్నాను", అనే జవాబిచ్చేలా మార్చాలట. ఇందులో ఒక్కటీ నిలవదు. చివరిదైతే ప్రమాదకరం.

లాగ్‌లోని ఆ సందేశం కార్డు మీద నేరం మోపడం లేదు. ఒక లైన్ మీద వచ్చిన లక్ష ఇంటరప్టుల్లో 99,900కు మించి ఏ డ్రైవరూ "నాది" అనకపోతే లినక్స్ గుండెకాయ అయిన కర్నెల్ ఆ లైన్‌ను మూసేస్తుంది. ఆపైన సెకనుకు పదిసార్లు మాత్రమే తొంగిచూస్తుంది. నెట్ ఈడ్చేది అందుకే. పాత పద్ధతి లైన్లను పలు పరికరాలు పంచుకుంటాయి కాబట్టి, ఒకటి గోల చేస్తే శిక్ష అన్నిటికీ పడుతుంది.

ఐఆర్‌క్యూపోల్ వాడమని ఆ సందేశంలో కర్నెలే రాస్తుంది, జనం నమ్మింది అందుకే. ఎవరిదో తెలియని ఇంటరప్ట్ వచ్చినప్పుడూ, ప్రతి టైమర్ ఇంటరప్ట్‌కూ అన్ని హ్యాండ్లర్లనూ వెతికించడమే దాని పని. తాత్కాలికంగా బండి నడుస్తుంది, దొంగ దొరకడు.

ఇక "హ్యాండిల్డ్" సంగతి. ఈ లైన్లు లెవెల్ పద్ధతివి: పరికరం సంకేతం దించేదాకా ఇంటరప్ట్ మళ్లీ మళ్లీ వస్తుంది. అబద్ధపు జవాబిస్తే కర్నెల్ కాపలా గుడ్డిదైపోతుంది, మిషను పూర్తిగా బిగుసుకుపోవచ్చు. హ్యాండ్లరు ముందు కార్డు స్థితి చూపే స్టేటస్ రిజిస్టరు చదవాలి. తన బిట్లేవీ లేకపోతే "నాది కాదు" అనాలి. బిట్లన్నీ ఒకట్లే వస్తే కార్డు పీసీఐ బస్ (కార్డులను ప్రాసెసరుకు కలిపే దారి) మీద లేనట్టే. తనదే అయితే బిట్లు చెరిపి, ఆ రిజిస్టరును మరోసారి చదవాలి. పీసీఐలో రాతలు దారిలో ఆగుతాయి. చదివితేనే అవి కార్డుకు చేరినట్టు ఖాయం. ఇలా మరోసారి చదవకపోవడం వల్లే ఎన్నో డ్రైవర్లకు దొంగ ఇంటరప్టులు పుడతాయి.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణం సర్వరులో, ఏ లైన్ మీద ఎన్ని ఇంటరప్టులు వచ్చాయో చూపే ఇంటరప్ట్స్ ఫైలును ప్రాక్ కింద తెరిచి చూశాను. 16వ వరుసలో కార్డుతో పాటు పాత యూఎస్‌బీ కంట్రోలర్ ఉంది. కార్డుకు ఎంఎస్‌ఐ (పంచుకునే లైన్ లేకుండా విడిగా ఇంటరప్ట్ పంపే పద్ధతి) ఉన్నా, ఎవరో ఎప్పుడో బూట్‌లో పెట్టిన, ఆ పద్ధతిని ఆపే నోఎంఎస్‌ఐ ఆప్షన్ కార్డును పంచుకునే లైన్ మీదకు నెట్టింది. అది తీసేశాక కార్డు విడి వరుసలోకి వెళ్లింది. 16 మీద లెక్క మాత్రం పెరుగుతూనే ఉంది, ఆ వరుసలో మిగిలింది యూఎస్‌బీ కంట్రోలర్ ఒక్కటే.