ముందు మెయిల్, ఆ తర్వాతే పాఠం

ఉపాధ్యాయులు ఈమెయిల్‌ను సమర్థంగా వాడుకోవడం ఎలా అన్న అంశం మీద అడపాదడపా శిక్షణ తరగతులు జరుగుతుంటాయి. అన్నింటిలోనూ ఒకటే పొరపాటు. పాఠం చెప్పేవాళ్ళకు మెయిల్ ఒక సాయం అన్నట్టు మాట్లాడతారు. ఉపాధ్యాయుడి అసలు ఉద్యోగం మెయిల్ చూసుకోవడం. ఆ పనికి రోజూ గంటల తరబడి అడ్డం పడుతున్నది పాఠం చెప్పడమే. ముందు ఈ అడ్డు సంగతి తేల్చాలి.

చరిత్ర కూడా మన పక్షానే ఉంది. 1971లో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు పక్కపక్కనే ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య మొట్టమొదటి నెట్‌వర్క్ మెయిల్ పంపాడు. అందులో ఏం రాశాడో ఆయనకే గుర్తు లేదు, కీబోర్డు పై వరుస అక్షరాలు వరసగా కొట్టి ఉంటానేమో అన్నాడు. పక్కనే ఉన్న చోటికి, చెప్పేదేమీ లేకుండా పంపడం! ఈ సంప్రదాయాన్ని స్టాఫ్‌రూములు నేటికీ నిష్ఠగా పాటిస్తున్నాయి. ఎదురు కుర్చీలో కూర్చున్న మేడం ‘రేపటి మీటింగ్ యథాతథం’ అని మెయిల్ పెడతారు. పెట్టి, తలెత్తి, ‘మెయిల్ చూశారా మాస్టారూ?’ అని నోటితో అడుగుతారు.

ఆ మెయిల్‌కి ఒకరు ‘నోటెడ్’ అంటారు, జవాబు అందరికీ వెళ్ళేలా రిప్లై ఆల్ నొక్కి మరీ. మర్యాద తెలిసిన మరొకరు ‘నోటెడ్, థాంక్యూ’ అంటారు. సీనియర్లు ‘నోటెడ్ విత్ థాంక్స్’ దాకా వెళ్తారు. సాయంత్రానికి తెగించిన ఒకాయన ‘దయచేసి రిప్లై ఆల్ వాడకండి’ అని రిప్లై ఆల్‌లోనే రాస్తారు. దానికీ అందరూ ‘నోటెడ్’. మొత్తం గొలుసులో కనబడని పేరు ఒక్కటే ఉంటుంది, ఆయన మీద పైవాళ్ళకు అనుమానం మొదలవుతుంది. పిలిచి అడిగితే, క్లాసులో ఉన్నానండీ అంటారట. ఇదీ ఒక సాకేనా!

విద్యార్థుల మెయిళ్ళు వేరే తరహా. సబ్జెక్ట్ లైన్ ఖాళీ. పేరుండదు, సెక్షన్ ఉండదు. పంపినవారి ఐడీ చూస్తే ఒక చిరుతపులి, దాని వెనక నాలుగంకెలు. లోపల ఒకే వాక్యం: ‘సార్ నేను పంపింది చూసారా’. పంపిందేమిటో చూద్దామంటే అటాచ్‌మెంట్ లేదు. గడువు అర్ధరాత్రి దాకా ఉంటే ఈ మెయిల్ సరిగ్గా 11:58కి వస్తుంది. కొందరు ఛాందసులు టర్మ్ మొదట్లోనే ‘సబ్జెక్ట్ లైన్‌లో క్లాసు, పేరు, పని రాయాలి, లేకపోతే చూడను’ అని చెప్పేస్తారు. ఆపైన ఫిల్టర్ పెట్టుకుని ఒక్కో క్లాసు మెయిళ్ళు ఒక్కో లేబుల్ కిందికి వాటంతటవే చేరేలా చేసుకుంటారు. ఆ చిరుతపులి ఎవరై ఉంటారా అని హాజరు పట్టీ ముందేసుకుని తల బద్దలుకొట్టుకోవడంలోని సుఖం వీళ్ళకేం తెలుసు?

తల్లిదండ్రులు రాత్రి పదకొండున్నరకు రాస్తారు. ‘మా వాడు ఎలా చదువుతున్నాడు?’ ఇంతే. దీనికి అప్పటికప్పుడే, పక్క దిగకుండానే, మూడు పేరాల జవాబివ్వాలి. అలా ఇస్తేనే మర్నాడు పన్నెండింటికి ‘లెక్కల్లో?’ అని ఇంకోటి వస్తుంది. జీమెయిల్‌లో 2019 నుంచి షెడ్యూల్ సెండ్ అనే సౌకర్యం ఉంది. రాత్రి రాసుకున్నా పొద్దున తొమ్మిదింటికే వెళ్ళేలా పెట్టుకోవచ్చు. చాలా ప్రమాదకరమైన సౌకర్యం. టీచర్లు రాత్రిపూట నిద్రపోతారన్న అపోహ జనంలో ప్రబలుతుంది. పంపిన మెయిల్‌ను వెనక్కి లాక్కునే అన్‌డూ సెండ్ కూడా ఉంది. మామూలుగా 5 సెకన్లే, సెట్టింగ్స్‌లోకి వెళ్తే 30 దాకా పెంచుకోవచ్చు. కోపం చల్లారడానికి అర నిమిషం చాలదు గానీ, జవాబంతా వాళ్ళబ్బాయి గురించి కాక ఇంకొకరి అబ్బాయి గురించి రాశామని గుర్తు రావడానికి సరిపోతుంది.

కొందరు మాస్టార్లు ఇలాంటి మెయిల్‌కి ‘రేపు ఫోన్ చేసి మాట్లాడతానండీ’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఫోన్లో రెండు నిమిషాల్లో విషయం తేలిపోతుంది. ఇలా తేల్చుకుంటూ పోతే ఇరవై మెయిళ్ళ గొలుసు ఎలా తయారవుతుంది, రేపు ఫైల్లో ఏం పెడతాం?

మెయిల్‌లో ‘టూ’ కింద ఉండే బీసీసీ అనే గడి సంగతి క్లుప్తంగా. తల్లిదండ్రులందరి చిరునామాలూ అందులో పెడితే ఒకరిది మరొకరికి కనబడదు. బొత్తిగా సమాజ వ్యతిరేకం. అన్నీ ‘టూ’లోనే పెట్టి చూడండి, ఆ సాయంత్రానికే ఇన్సూరెన్స్ అమ్మే నాన్నగారొకరు క్లాసంతటికీ ఆత్మీయులవుతారు.

అన్నింటికంటే ప్రమాదకారులు రోజుకు రెండేసార్లు మెయిల్ తెరిచేవాళ్ళు. నోటిఫికేషన్లు ఆపేస్తారు. తెరిచినప్పుడు ఒక్కోటీ ఒకేసారి ముట్టుకుంటారు: జవాబివ్వడమో, ఆర్కైవ్ చేయడమో (అంటే ఇన్‌బాక్స్‌లో కనబడకుండా దాచేయడం), తీసిపారేయడమో. మధ్యాహ్నానికి ఇన్‌బాక్స్ ఖాళీ. వీళ్ళకు పనేమీ లేదనే కదా పైవాళ్ళు అనుకునేది? చదవని మెయిళ్ళ అంకె నాలుగు స్థానాల్లో ఉంటేనే మనిషి తలమునకలుగా ఉన్నాడని లోకం నమ్ముతుంది.

అయితే ఈ ప్రమాదకారుల పద్ధతి పూర్తిగా వృథా కాదు, తప్పు చోట వాడుతున్నారంతే. దాన్ని పాఠానికి వర్తింపజేయాలన్నది నా ప్రతిపాదన. పాఠాన్ని రోజుకు రెండేసార్లు తెరవాలి. మధ్యలో దృష్టి చెదరకుండా బడి గంట మోగకుండా చూడాలి. ఒక్కో పాఠాన్నీ ఒకేసారి ముట్టుకోవాలి, అర్థం కాని పిల్లలను ఆర్కైవ్ చేయాలి.

ఇక తేలాల్సింది చెయ్యెత్తే పిల్లల సంగతొక్కటే. వాళ్ళ ప్రశ్నకు సబ్జెక్ట్ లైన్ ఉండదు. కాపీ అందుకునే సీసీలో ఎవరున్నారో తెలియదు. రికార్డేమీ మిగలదు. పైగా వీళ్ళు జవాబు వినేదాకా మొహంలోకే చూస్తూ కూర్చుంటారు, వాళ్ళకు ‘నోటెడ్’ అని చెప్తే ఒప్పుకోరు.