రాజధాని హోదా రెండుసార్లు పోగొట్టుకున్న టురిన్

ఇటలీలో చదువుకునే మన విద్యార్థుల శని, ఆదివారాలు దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. ముందు వెనిస్, తర్వాత ఫ్లారెన్స్, రోమ్, మధ్యలో పీసా గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఒక ఫొటో. మిలాన్‌కు పడమరగా, వేగంగా వెళ్లే రైలులో గంట, మామూలు రైలులో సుమారు రెండు గంటల దూరంలో ఉన్న టురిన్ పేరెత్తితే మాత్రం "ఫ్యాక్టరీలు తప్ప అక్కడేముంది?" అంటారు. మిలాన్‌లో చదువుకుంటున్న నేను ఈ మాట స్థానికుల నోట కూడా విన్నాను. ఒక వారాంతం ఆ ఊళ్లో తిరిగాక నా అభిప్రాయం ఇది: పునరుజ్జీవన కాలపు ఇటలీని చూడాలంటే ఫ్లారెన్స్‌కే వెళ్లాలి, ఇప్పటి ఇటలీ ఎలా తయారైందో తెలియాలంటే మాత్రం టురిన్‌ను మించిన ఊరు లేదు.

దేశానికి తొలి రాజధాని ఇదే. ఈ ప్రాంతాన్ని ఏలిన సవోయ్ వంశీకులు 1563లో తమ రాజధానిని ఆల్ప్స్ అవతలి షాంబెరీ నుంచి ఇక్కడికి తెచ్చుకున్నారు. చిన్నా పెద్దా రాజ్యాలుగా చీలి ఉన్న ద్వీపకల్పాన్ని ఆ వంశపు రాజు విక్టర్ ఇమ్మాన్యుయెల్, మంత్రి కవూర్ కలిసి చాలా వరకు ఒక్కటి చేశాక, 1861 మార్చి 17న ఇటలీ రాజ్య ప్రకటన ఈ నగరంలోనే జరిగింది. ఆ వైభవం నాలుగేళ్లు కూడా నిలవలేదు. అప్పటికింకా పోప్ పాలనలోనే ఉన్న రోమ్‌కు కాపలాగా ఉంచిన తన సైన్యాన్ని ఉపసంహరించుకోవడానికి ఫ్రాన్స్ ఒప్పుకుంది, బదులుగా రాజధానిని ఫ్లారెన్స్‌కు మార్చడానికి ఇటలీ ఒప్పుకుంది. 1864 సెప్టెంబరులో ఈ సంగతి బయటపడగానే జనం వీధుల్లోకి వచ్చారు. రెండు రోజుల కాల్పుల్లో 50 మందికి పైగా చనిపోయారు. అందులో కొందరు నేలకొరిగిన సాన్ కార్లో కూడలిలో ఇప్పుడు కాఫీ బల్లలు వేసి ఉంటాయి.

కరిన్యానో భవనంలో ఈ కథకు ఒక సాక్ష్యం ఉంది. కొత్త దేశపు పార్లమెంటు కోసం అక్కడ పెద్ద సభామందిరం కట్టడం మొదలుపెట్టారు. అది పూర్తయ్యేసరికి 1871 వచ్చింది. అప్పటికి రాజధాని ఫ్లారెన్స్‌ను కూడా దాటి రోమ్‌కు వెళ్లిపోయింది. ఒక్క సమావేశం కూడా జరగని పార్లమెంటు మందిరం నేడు మ్యూజియంలో భాగం. 1953లో రాజధాని అయి మూడేళ్లకే ఆ హోదా పోగొట్టుకున్న కర్నూలు సంగతి తెలిసినవారికి, అమరావతి గురించి పదేళ్లుగా వాదించుకుంటున్నవారికి ఆ గదిలో గైడు అవసరం ఉండదు.

ఊరికి గుర్తుగా నిలిచిన మోలె ఆంతొనెల్లియానా శిఖరం కూడా ఈ రాజధాని మార్పు దెబ్బ తిన్నదే. 1863లో యూదులు తమ ప్రార్థనామందిరంగా దాన్ని మొదలుపెట్టారు. వాస్తుశిల్పి ఆంతొనెల్లి ఎత్తు పెంచుతూ పోయాడు, ఖర్చూ పెరుగుతూ పోయింది. రాజధానితో పాటు చాలా కుటుంబాలు కూడా ఊరు విడిచిపోయాయి. చివరికి నగరపాలక సంస్థే దాన్ని తీసుకుని 1889లో ముగించింది. 167.5 మీటర్ల ఆ కట్టడంలో ఇప్పుడు జాతీయ సినిమా మ్యూజియం నడుస్తోంది. ఇటలీ 2018కి ముందు దాకా ముద్రించిన రెండు సెంట్ల నాణెం మీద ఉన్న బొమ్మ దానిదే. అంటే ఈ దేశంలో చదువుకునే ప్రతి విద్యార్థి జేబులో టురిన్ ఉంటుంది, ఎవరూ తిప్పి చూడరు.

తిన్నని వీధులు, వాటి పొడవునా స్తంభాల వరండాలు, చివరన మంచు కొండలు. వాన పడుతున్నా గొడుగు తెరవకుండా చాలా దూరం నడవొచ్చు. మొదటిసారి వచ్చినవారు దారి తప్పడం కూడా కష్టమే.

ఈజిప్టు మ్యూజియం గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. ఈజిప్టులో ఫ్రాన్స్ దౌత్యాధికారిగా పనిచేసిన పీడ్‌మాంట్ (టురిన్ ఉన్న ప్రాంతం) వాసి ద్రొవెత్తి సేకరించిన వస్తువులను రాజు కొనుగోలు చేయడంతో 1824లో ఇది మొదలైంది. పూర్తిగా ఈజిప్టు నాగరికతకే కేటాయించిన మ్యూజియాల్లో ప్రపంచంలో అన్నిటికన్నా పాతది ఇదే. చిత్రలిపిని ఛేదించిన షాంపోలియన్ అదే ఏడాది ఇక్కడికి వచ్చి ఈ సేకరణలోని పపైరస్‌లతో, అంటే జమ్ము కాగితపు రాతలతో, కుస్తీ పట్టాడు. ఈజిప్టు రాజులైన ఫరోల కన్నా నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది వారి సమాధులు చెక్కిన పనివారి ఊరు దేర్ ఎల్ మదీనా. ఆ ఊరి నుంచి వచ్చిన ఒక పపైరస్ ఈ మ్యూజియం సొత్తు. మూడో రామ్సెస్ ఏలుబడిలో, క్రీస్తుకు సుమారు 1150 ఏళ్ల ముందు, కూలి కింద రావాల్సిన ధాన్యం అందక పనివారు పనిముట్లు కింద పెట్టి ఆలయం వెనుక బైఠాయించిన సంగతి అందులో రాసి ఉంది. లిఖితంగా దొరికిన తొలి సమ్మె అదే అంటారు.

ఆ కాగితం చేరాల్సిన ఊరికే చేరింది. ఎందుకంటే టురిన్ రెండో జీవితం కార్ఖానాలది. రాజధాని పోయాక ఏం చేసి బతకాలన్న ప్రశ్నకు దొరికిన జవాబు 1899లో పుట్టిన ఫియట్. బొంబాయిలో తయారైన ఫియట్ కార్లు మన పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. 1923లో ప్రారంభమైన లింగొత్తొ ఫ్యాక్టరీ అయిదంతస్తులది. కింది అంతస్తులో ముడిసరుకు లోపలికి వెళితే ఒక్కో అంతస్తులో ఒక్కో దశ పూర్తి చేసుకుంటూ కారు పైకప్పుకు చేరేది. అక్కడే, మిద్దె మీద, దాన్ని పరుగెత్తించి పరీక్షించే ట్రాకు. ఉత్పత్తి 1982లో ఆగిపోయింది. వాస్తుశిల్పి రెంజో పియానో ఆ భవనాన్ని కొత్తగా తీర్చిదిద్దాడు. ఇప్పుడు లోపల దుకాణాలు, హోటళ్లు ఉన్నాయి, ట్రాకు చుట్టూ మొక్కలు పెంచారు. మేలో పుస్తక ప్రదర్శన కూడా ఈ ఆవరణలోనే జరుగుతుంది. ఇంజనీరింగ్ చదివే తెలుగు పిల్లలు ఆ మిద్దె ఎక్కకుండా ఇటలీ నుంచి వెళ్లిపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఆ కార్లు చేసినవారిలో ఎక్కువ మంది దక్షిణ ఇటలీ పల్లెల నుంచి రైళ్లలో వచ్చినవారు. 1951లో ఏడు లక్షల చిల్లరగా ఉన్న జనాభా ఇరవై ఏళ్లలో పదకొండున్నర లక్షలు దాటింది. నేపుల్స్, పలెర్మోల తర్వాత మూడో పెద్ద దక్షిణాది నగరం టురినే అని చమత్కరించేవారు. ఆ రోజుల్లో కొన్ని ఇళ్ల ముందు "దక్షిణాది వారికి అద్దెకు ఇవ్వబడదు" అన్న బోర్డులు వేలాడేవి. ఒకే దేశం, ఒకే మతం, ఒకే పాస్‌పోర్టు ఉన్నవారి మధ్య సంగతి ఇది. ఇటలీలో గది కోసం ఫోన్ చేసి, పేరు చెప్పగానే "అయిపోయింది" అనిపించుకున్న విదేశీ విద్యార్థికి ఆ బోర్డు కొత్త కాదు. హైదరాబాద్‌లో "మీరేమిట్లు?" అని ఆరా తీశాకే తాళం చెవి ఇచ్చే ఇంటి యజమానులను చూసినవారికి అసలే కొత్త కాదు. అలా వచ్చినవారు, వారి కొడుకులు 1969 నాటి సమ్మెల్లోనూ, 1980లో 35 రోజులు సాగి కార్మికుల ఓటమితో ముగిసిన ఫియట్ పోరాటంలోనూ ఉన్నారు. ఆ ఓటమి తర్వాత ఊరు కుంచించుకుపోతూ వచ్చింది. 2014లో ఫియట్ అమెరికా కంపెనీ క్రైస్లర్‌తో కలిసిపోయింది. మరో విలీనంతో 2021లో ఏర్పడిన కొత్త కంపెనీ స్టెల్లాంటిస్ నమోదైనది నెదర్లాండ్స్‌లో. రాజధాని హోదా, ఈసారి కార్ల రాజధానిగా, రెండోసారి పోవడమంటే ఇదే. జనాభా ఇప్పుడు ఎనిమిదిన్నర లక్షలు.

తిండి సంగతి క్లుప్తంగా. కాఫీ, చాక్లెట్, మీగడ పొరలుగా పోసిన బిచెరిన్ తప్పక తాగాలి. హేజల్‌నట్‌తో చేసే జాందుయొత్తొ చాక్లెట్ పుట్టింది సరిగ్గా రాజధాని పోయిన 1865లోనే అని చెబుతారు. ఊరికి ఆ మాత్రం ఓదార్పు కావాల్సిందే. శాకాహారులకు ఫరినాతా దొరుకుతుంది. శనగపిండి, నీళ్లు, నూనె, ఉప్పు తప్ప మరేమీ లేని ఆ రొట్టె మన శనగపిండి అట్టుకు పెద్దన్నలా ఉంటుంది. బాన్యా కౌదా అనే వేడి సాస్ కూరగాయలతో వస్తుంది కదా అని మోసపోవద్దు, అందులో చేపలుంటాయి.

లోపాలూ ఉన్నాయి. శీతాకాలంలో ఆకాశం రోజుల తరబడి బూడిద రంగులోనే ఉంటుంది. పో నది మైదానపు గాలి యూరప్‌లో బాగా కలుషితమైన వాటిలో ఒకటి. ప్రభుత్వ మ్యూజియాల్లో 18 నుంచి 25 ఏళ్ల ఐరోపా యువతకు రెండు యూరోల టిక్కెట్టు ఉంటుంది, మనకు ఉండదు. నెలలో మొదటి ఆదివారం చూసుకుని వెళితే రాజభవనాలు ఉచితం.

2006 శీతాకాల ఒలింపిక్స్ నుంచి 2022 యూరోవిజన్ పాటల పోటీ దాకా టురిన్ పర్యాటకుల కోసం గట్టిగానే ప్రయత్నిస్తోంది. ఆ ప్రయత్నం మరీ ఫలించకూడదని నేను కోరుకుంటున్నాను. పాత ద్వీపాల్లో యాభై వేల మంది కూడా నివాసం లేని వెనిస్, 2024 నుంచి రద్దీ రోజుల్లో పగటి సందర్శకుల దగ్గర ప్రవేశ రుసుము వసూలు చేస్తోంది. అక్కడ స్థానికుల ఇళ్లు పర్యాటకుల గదులుగా మారిన క్రమం అందరికీ తెలిసిందే. టురిన్‌లో 1404 నాటి విశ్వవిద్యాలయం ఉంది, 1859 నాటి మూలాలున్న పాలిటెక్నిక్ ఉంది, కార్మికులు ఖాళీ చేసిన ఇళ్లున్నాయి. ఆ ఇళ్లను రెండు రాత్రుల అతిథులకు ఇవ్వాలా, రెండేళ్లు ఉండి చదువుకునేవారికి ఇవ్వాలా అన్నది నగరపాలకులు ఇప్పుడే తేల్చుకోవాలి. నా ఓటు రెండోవారికి, పేరు చూసి ఫోన్ పెట్టేయకూడదన్న షరతుతో.